డౌన్‌టౌన్ హిస్టారిక్ డిస్ట్రిక్ట్ ఆఫీసు: కౌంటర్‌కి నిండా మార్కులు, బోర్డుకి సగం

రివ్యూ అంటే ఏ హోటలుకో మిక్సీకో రాస్తారు గానీ ప్లానింగ్ ఆఫీసుకి రాయడమేమిటి అంటారేమో. ఫీజు కట్టాను, వరసలో కూర్చున్నాను, పని చేయించుకుని బయటికొచ్చాను. కాబట్టి నేనూ కస్టమర్‌నే. అమెరికాలో పాత డౌన్‌టౌన్లలో చిన్నా చితకా బిల్డింగులు చూస్తున్న మనవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న కూడా దీని గురించే: "హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లో ఉందట అక్కా, కొంటే ఇరుక్కుపోతామా? మేకు కొట్టాలన్నా పర్మిషన్ అడగాలట కదా?"

మేకు కొట్టడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. కిటికీ పీకడానికి అడగాలి. హిస్టారిక్ డిస్ట్రిక్ట్ అంటే పాత బిల్డింగుల బయటి రూపం మార్చాలన్నా, కూల్చాలన్నా ఊరి అనుమతి కావాల్సిన ప్రాంతం. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో చెప్పేదే ఈ ఆఫీసు. ఊరి పేరు రాయను, ఎందుకంటే కింద కొన్ని ఫిర్యాదులున్నాయి, అదే ఊళ్ళో నా వ్యాపారం కూడా ఉంది.

మాది రెండంతస్తుల ఇటుక బిల్డింగ్. కింద నా టాక్స్ ఆఫీసు, పైన అద్దెకిచ్చే ఇళ్ళు. కొన్నప్పుడు పై కిటికీలు సగం బిగుసుకుపోయి ఉన్నాయి, వెనక గోడ ఇటుకల సందుల్లోంచి ఇసుక రాలుతోంది, ముందు స్టోర్‌ఫ్రంట్ (దుకాణం ముఖం) మీద పెద్ద రేకు బోర్డు ఒకటి. మా ఆయన స్నేహితుడొకాయన కాంట్రాక్టరు. చూసి ఒక్క ముక్కలో తేల్చేశాడు: "వదినా, ముందు గోడ ఒక్కటీ ఉంచి మిగతాదంతా కొట్టేసి కట్టుకోండి. సగం తలనొప్పి తగ్గుద్ది." ఇక్కడ చాలామంది చేసేదీ అదే. బయటికి ముఖం పాతది, లోపల అంతా కొత్తది. నాకది మొదట్నుంచీ ఇష్టం లేదు. పాత బిల్డింగ్ కొనుక్కుని కొత్త బిల్డింగ్‌కి ముసుగేసి తిరగడమెందుకు?

సేవ సంగతికి వచ్చేముందు ఒక అపోహ తీర్చేయాలి. రియల్ ఎస్టేట్ ఏజెంట్లు "నేషనల్ రిజిస్టర్‌లో ఉంది" అని, అంటే దేశపు చారిత్రక కట్టడాల జాబితాలో ఉందని, గొప్పగా చెబుతారు, కొనేవాళ్ళు దానికే భయపడతారు. 1966 నాటి ఫెడరల్ చట్టంతో వచ్చిన ఆ రిజిస్టర్‌లో పేరున్నంత మాత్రాన, సొంత డబ్బు పెట్టుకునే ప్రైవేటు యజమానిని ఎవరూ ఆపరు. ఫెడరల్ డబ్బో, ఫెడరల్ అనుమతో కలిసినప్పుడే వాళ్ళ సమీక్ష. మిమ్మల్ని నిజంగా ఆపగలిగేది ఊరి కౌన్సిల్ చేసిన స్థానిక ఆర్డినెన్స్. అంటే ఏ జాగాలో ఏం కట్టొచ్చో చెప్పే జోనింగ్ మ్యాప్ మీద అదనంగా గీసిన ఇంకో గీత. ఈ పద్ధతి 1931లో చార్లెస్టన్‌తో మొదలైంది. న్యూ ఆర్లీన్స్ వాళ్ళయితే తమ ఫ్రెంచ్ క్వార్టర్ కోసం 1936లో లూసియానా రాజ్యాంగాన్నే సవరించుకున్నారు. "నా ఆస్తి నా ఇష్టం, ఇలా ఆపడమంటే లాక్కోవడమే" అన్న వాదన సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నెత్తిన యాభై అంతస్తులకు పైగా టవర్ కడతామన్న రైల్వే కంపెనీ 1978లో ఓడిపోయింది. కాబట్టి ఆర్డినెన్స్ మీద కోర్టుకెళ్ళమని ఎవరైనా ఉచిత సలహా ఇస్తే టీ తాగించి పంపేయండి.

ఇక మా ఆఫీసు. పని మూడు చోట్ల జరుగుతుంది: కౌంటర్, పెద్ద మార్పుల మీద మీటింగ్ పెట్టి తేల్చే సభ్యుల బోర్డు, ఆ తర్వాత తనిఖీ. మూడింటికీ ఒకే మార్కు వేస్తే అన్యాయం.

కౌంటర్ దగ్గర ప్రిజర్వేషన్ ప్లానర్, అంటే పాత బిల్డింగుల వ్యవహారం చూసే ఊరి ఉద్యోగి, ఒకావిడ ఉంటారు. దరఖాస్తు పెట్టకముందే వెళ్ళి మాట్లాడే సౌకర్యం ఉంది, దానికి ఫీజు లేదు. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా ఆన్‌లైన్ ఫారం నింపేస్తారు. అలా చేయకండి. నేను ఫోన్లో ఫొటోలు పెట్టుకుని వెళ్ళాను. ఆవిడ ఫొటోలు పక్కన పెట్టి ముందు మా బిల్డింగ్ ఫైలు తీశారు. అందులో శాన్‌బార్న్ మ్యాపుల నకళ్ళు ఉన్నాయి. అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం ఆ సంస్థ 1867 నుంచి ఊరూరా గీసిన పటాలివి. గులాబీ రంగు వేస్తే ఇటుక, పసుపు వేస్తే కర్ర. మా బిల్డింగ్ ముందంతా గులాబీ, వెనక చిన్న పసుపు ముక్క. ఆవిడ ఆ పసుపు ముక్క మీద వేలు పెట్టి, "ఇది తర్వాత అతికించిన చెక్క షెడ్డు. ఇప్పుడున్నది దానికీ తర్వాతి వెర్షను. దీన్ని తీసేయాలంటే ఇక్కడే సంతకం పెడతాను, బోర్డు దాకా అక్కర్లేదు" అన్నారు. వెనక కర్ర షెడ్డు గురించి నేను నోరు తెరవకముందే.

స్టోర్‌ఫ్రంట్ దగ్గర మాత్రం కొంచెం వాదన జరిగింది. షోకేసు అద్దాల కింద, నేలకి ఆనుకుని, నల్లగా నిగనిగలాడే పలకలున్నాయి. రాయేమో అనుకుంటారు గానీ అది గాజు. విట్రోలైట్, కరారా అన్న పేర్లతో 1930ల్లో విపరీతంగా అమ్ముడుపోయిన రంగు గాజు. మాంద్యం రోజుల్లో, 1934 హౌసింగ్ చట్టం కింద ప్రభుత్వ హామీతో అప్పులు దొరికేసరికి, దుకాణదారులు పాత కర్ర ముఖాలు పీకి ఈ గాజు తొడిగించారు. నా లెక్క ఏమిటంటే, బిల్డింగ్ అంతకంటే పాతది కదా, ఆ గాజు తీసేసి మొదట ఉన్న కర్ర పలకలు చేయిద్దాం అని. ఆవిడ ఒప్పుకోలేదు. పాత బిల్డింగులు బాగుచేయడానికి ఫెడరల్ ప్రమాణాలు పది ఉన్నాయి, మా ఊరు వాటినే ఆర్డినెన్స్‌లో చేర్చుకుంది. నాలుగోది ఏం చెబుతుందంటే, కాలక్రమంలో వచ్చి తమకంటూ ప్రాముఖ్యం తెచ్చుకున్న మార్పులనీ ఉంచాలి. "మీ దగ్గర మొదటి కర్ర ముఖం ఫొటో ఉందా?" అని అడిగారు. లేదు. "మరి దేన్ని చూసి చేయిస్తారు?" నా దగ్గర జవాబు లేదు. ఊహించుకుని పాతదాన్ని తయారుచేస్తే అది అబద్ధపు పాత. మూడో ప్రమాణం దాన్ని వద్దంటుంది. కాబట్టి గాజు అలాగే ఉంచాం. రెండు పలకలు పగిలాయి, వాటి చోట నల్ల రంగు వెనక పూసిన మామూలు గాజు పెట్టడానికి కౌంటర్‌లోనే అనుమతి ఇచ్చారు. ఇప్పటికీ నాకు ఆ గాజు అందంగా అనిపించదు. కానీ ఆవిడ నిర్ణయం సరైనదే.

పైనున్న రేకు బోర్డు తీయమని మాత్రం ఆవిడే తొందరపెట్టారు. తీస్తే దాని వెనక తలుపు మీదుగా పారే చిన్న చిన్న అద్దాల వరస బయటపడింది, చాలావరకు చెక్కుచెదరకుండా. దుకాణం లోపలి చీకటి మూలకి వెలుగు తోయడానికి పెట్టిన గీతల గాజు అది. కింద ఫాల్స్ సీలింగ్ ఉన్నన్నాళ్ళూ ఆ గాజు రేకుకీ సీలింగ్‌కీ మధ్య చీకట్లో ఉండిపోయింది. లోపలి సీలింగ్ మీద ఈ ఆఫీసుకి అధికారం లేదు, వాళ్ళది వీధిలోంచి కనిపించేదాని వరకే. అయినా "తీస్తే కరెంటు బిల్లు తగ్గుతుంది చూడండి" అని ఒక మాట అన్నారు. తీసేశాం.

కిటికీల దగ్గరికి వద్దాం. ఎక్కువ గొడవలు ఇక్కడే జరుగుతాయి. మేం కొన్న వారంలోనే వినైల్ (ప్లాస్టిక్) కిటికీల సేల్స్‌మన్ ఒకతను తలుపు తట్టాడు. జీవితకాలం గ్యారంటీ, మెయింటెనెన్స్ సున్నా, కరెంటు ఆదా. పాత వాటిలో గాలి దూరుతోంది, నిజమే. కానీ అతను చెప్పనిది ఒకటుంది. రెండు పొరల గాజు మధ్య సీలు పోయి లోపల మంచు పట్టినట్టు మసకబారితే ఆ కిటికీని ఎవరూ బాగుచేయరు, మొత్తం పీకి పారేస్తారు. మెయింటెనెన్స్ సున్నా అంటే అసలు అర్థం అది.

ప్లానర్ వద్దనలేదు, "ఒక్క కిటికీ విప్పించి చూడండి, తర్వాత మాట్లాడదాం" అన్నారు. పాత కర్ర కిటికీలు బాగుచేసేవాళ్ళ జాబితా కౌంటర్ మీద పెట్టి ఉంటుంది, సిఫార్సు మాత్రం చేయరు. అందులోంచి ఒక వడ్రంగిని పిలిచాం. అతను లోపలి పట్టీ మేకులు ఊడదీసి, కింది రెక్కని ఒడిలోకి తీసుకున్నట్టు బయటికి తీశాడు. పక్క చట్రంలో చిన్న తలుపులాంటి ముక్క ఉంది, స్క్రూ తిప్పితే ఊడొచ్చింది. లోపల నిలువుగా వేలాడుతూ ఇనుప గుండు. దానికి కట్టిన తాడు పై కప్పీ మీదుగా వచ్చి రెక్కని పట్టుకుంటుంది. రెండు వైపులా రెండు గుండ్లు, రెండూ కలిపితే రెక్క బరువంత. అందుకే ఒకప్పుడు చిటికెన వేలితో ఎత్తితే లేచేది, ఎక్కడ వదిలితే అక్కడ ఆగేది. మా కిటికీలు బిగుసుకుపోవడానికి కారణం కర్ర ఉబ్బడం కాదు. ఒక వైపు తాడు తెగింది, దాని మీద ఎవరో వరసగా రంగులేసి రెక్కనీ చట్రాన్నీ అంటించేశారు.

ఆవిరి పెట్టి పాత లప్పం మెత్తబరిచి తీశాడు, గాజు పగలకుండా. ఆ గాజులోంచి చూస్తే ఎదుటి బిల్డింగ్ గోడ కొద్దిగా వంకర్లు పోతుంది. కర్ర మీద గోరు గుచ్చి చూపించాడు, దిగలేదు. ఆ రోజుల కర్ర నెమ్మదిగా పెరిగిన పెద్ద చెట్లది, వలయాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఇప్పటి తోటల కర్ర అలా ఉండదు. పుచ్చింది కింది పట్టీ ఒక్కటే, నీళ్ళు నిలిచే చోట. అక్కడ కోసి కొత్త ముక్క అతికించాడు. అవిసె నూనె లప్పం, కొత్త నూలు తాడు, అంచుల్లో గాలి ఆపే సన్నటి రాగిరంగు లోహపు పట్టీ. బయటివైపు తీసి పెట్టుకునే రెండో అద్దపు చట్రం. కర్ర కిటికీకి ఈ బయటి చట్రం తోడైతే చలికి అడ్డుకట్ట పడుతుంది. అద్దెకున్నవాళ్ళ దగ్గర్నుంచి చలి గురించి నాకు ఫిర్యాదు రాలేదు, చప్పుడు తగ్గిందన్న మాట మాత్రం వచ్చింది.

వినైల్‌తో పోలిస్తే సమయం ఎక్కువ పట్టింది, డబ్బు కూడా తక్కువేమీ కాలేదు. బాగుచేసే వడ్రంగుల దగ్గర వరస పొడవు. వేసవిలో చేయించుకుందామంటే శీతాకాలంలోనే పేరు రాయించుకోవాలి. ఇది ఆఫీసు తప్పు కాదు గానీ, కొనేవాళ్ళు లెక్కలో వేసుకోవాల్సిన సంగతి.

గోడ సంగతి క్లుప్తంగా. రాలుతున్న సందుల్ని సిమెంటుతో గట్టిగా కూరేయొద్దు. పాత ఇటుక మెత్తన, సందుల్లోని సున్నం అంతకంటే మెత్తన, గోడలోని చెమ్మ ఆ సున్నం దారినే బయటికి పోతుంది. సందు ఇటుక కంటే గట్టిదైతే చెమ్మ ఇటుకలోంచే పోవాలి, చలికి గడ్డకట్టిందంటే ఇటుక ముఖం పొర ఊడి పడుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళు ఈ విషయం మీద ఉచితంగా ఇచ్చే కరపత్రం, వాళ్ళ వరసలో రెండో నంబరుది, ప్లానర్ ప్రింటు తీసి ఇచ్చారు. తాపీ మేస్త్రీకి అదే ఇచ్చాను. ఇసుకని వేగంగా చిమ్మి గోడ శుభ్రం చేయించడం కూడా నిషేధమే. దాని మీద ఎవరితోనూ వాదించకండి, ఇటుక పైపొర పోతే మళ్ళీ రాదు.

తర్వాత సైన్‌బోర్డు. ఇక్కడ కాస్త వినోదం ఉంది. ఇంగ్లీషులో నా ఆఫీసు పేరు, దాని కింద తెలుగులో "పన్ను లెక్కలు" అని పెట్టించాను. నిబంధన ప్రకారం అక్షరం ఎత్తు 12 అంగుళాలు దాటకూడదు. ఇంగ్లీషు పెద్దక్షరాలకి చిక్కు లేదు, అన్నీ ఒకే ఎత్తు. మరి "న్ను" ఎత్తెంత? "క్క"కి ఒత్తు కింద వేలాడుతోంది, దాన్ని కలుపుకోవాలా వద్దా? కలిపితే మా సైన్‌బోర్డు నిబంధన దాటుతుంది. కలపకపోతే లోపలే ఉంటుంది. ప్లానర్ స్కేలు పెట్టి కాసేపు చూశారు. ఇంగ్లీషు చిన్నక్షరాల్లో జి, వై తోకల్ని లెక్కించే అలవాటు లేదట. అయితే ఒత్తు కూడా తోక కిందే జమ అని తేల్చి, ఫైలులో చేత్తో బొమ్మ గీసి, తలకట్టు నుంచి అసలు అక్షరం అడుగు దాకా బాణం గుర్తు పెట్టి సంతకం చేశారు. మా ఊరి రికార్డుల్లో తెలుగు ఒత్తు ఒకటి చట్టబద్ధంగా తోకైపోయింది.

బోర్డు మీటింగ్‌లో ఒక సభ్యుడు "అందులో ఏం రాసుంది?" అని అడగబోతే ఊరి లాయరు మధ్యలోనే ఆపేశారు. సైజు, సామాను, లైటు, తగిలించే పద్ధతి, వీటి వరకే మీ అధికారం, రాతకి అర్థమేమిటన్నది అడగకూడదని. 2015లో సుప్రీం కోర్టు ఒక తీర్పిచ్చింది. సైన్‌బోర్డు మీద ఏం రాసుందన్నదాన్ని బట్టి నిబంధన మారితే ఆ నిబంధన కోర్టులో నిలబడడం చాలా కష్టం. ఆ సభ్యుడు మర్యాదగానే అడిగాడు, నేనూ మర్యాదగానే చెప్పాను, అది వేరే సంగతి.

బోర్డు దగ్గర నా మార్కులు తెగ్గోసేది ఇందుకు కాదు. మా పక్కన ఖాళీ స్థలం ఉంది. ఎప్పుడో కూల్చేసి పార్కింగ్ చేసుకున్న జాగా. దాని యజమాని మూడంతస్తుల కొత్త బిల్డింగ్‌కి ప్లాను తెచ్చాడు. ఒక సభ్యురాలు ఇటుక వాడమన్నారు. ఇంకో సభ్యుడు ఇటుక వాడితే పాతదాన్ని అనుకరించినట్టుంటుంది, తేడా తెలియాలన్నారు. ఇద్దరూ చూపించింది ఒకే తొమ్మిదో ప్రమాణాన్ని. కొత్తది పాతదాని నుంచి వేరుగా కనిపించాలి, దానికి పొందికగానూ ఉండాలి. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి మరి. ఒకరు మొదటి సగం పట్టుకున్నారు, ఒకరు రెండో సగం. ప్లాను మార్చుకుని రమ్మన్నారు. మార్చుకొచ్చాడు. ఈసారి ఇంకో సభ్యుడు వచ్చి ఎత్తు ఎక్కువైందన్నారు. అది మొదటి రోజే చెప్పాల్సిన మాట కదా? ఆయన ఆర్కిటెక్టు జుట్టు పీక్కోవడం ఒక్కటే తక్కువ.

ఇక్కడే నాకు ఈ ఆఫీసు పని తిరగబడి ఉందనిపిస్తుంది. పాత కిటికీ, పాత గాజు, పాత గోడ, వీటికి కొలతలు పనికిరావు. ఒక్కొక్కటీ ఒక్కో రకంగా పాడవుతుంది, చూసే కన్ను కావాలి. అది కౌంటర్ దగ్గర ఉంది. కొత్తగా కట్టేదానికి మాత్రం కొలతలే కావాలి. ఈ వీధిలో పాత ప్లాట్లన్నీ సుమారు 25 అడుగుల వెడల్పువి, వీధి పొడవునా ముఖాలు ఆ లయలోనే సాగుతాయి. కాబట్టి కొత్త ముఖాన్ని కూడా అంతంత ముక్కలుగా విడగొట్టు, కాలిబాటకి ఆనించి కట్టు, కింది అంతస్తులో ఇంత శాతం అద్దం పెట్టు, అంతస్తుల గీతలు పక్కవాటితో కలిపి గీయి, మూడో అంతస్తుని ఇన్ని అడుగులు వెనక్కి జరుపు. ఇలా అంకెల్లో రాసేస్తే పొందిక గురించి రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకునే పనే ఉండదు. ఇటుకో కాదో యజమాని చూసుకుంటాడు. మా ఊరి నిబంధనల్లో సైన్‌బోర్డు అక్షరానికి అంగుళాలున్నాయి, మూడంతస్తుల బిల్డింగ్‌కి మాత్రం "పరిసరాలకు తగినట్టు" అన్న మాటే ఉంది. నేను ఈ మాట పబ్లిక్ కామెంట్‌లో చెప్పాను. రాసుకున్నారు.

అంకెలుంటే చాలా అంటే చాలదు. అన్ని అంకెలూ పాటించి అందవిహీనంగా కట్టిన బిల్డింగులు నేనూ చూశాను. అయినా కట్టేవాడికి మొదటి రోజే ఆట నియమాలు తెలుస్తాయి. అది తెలియకే చిన్నవాళ్ళు తప్పుకుంటారు, పెద్ద లాయర్లను పెట్టుకోగలిగినవాళ్ళే మిగులుతారు.

జోనింగ్‌లో ఒక మంచి పని మాత్రం చేశారు, దానికి అదనపు మార్కులు. డిస్ట్రిక్ట్ లోపల ఇన్ని ఇళ్ళకి ఇన్ని పార్కింగ్ జాగాలన్న నిబంధన ఎత్తేశారు. అది ఉన్నన్నాళ్ళూ పై అంతస్తులో ఇల్లు పెట్టాలంటే పక్క బిల్డింగ్ కూల్చి పార్కింగ్ చేయాల్సి వచ్చేది. కాపాడమని ఒక చట్టం, కూల్చమని ఇంకో చట్టం, రెండూ ఒకే పుస్తకంలో. పైన ఇళ్ళు పెట్టగలిగాం అంటే ఈ మార్పు వల్లే.

టాక్స్ క్రెడిట్ గురించి అడగకుండా ఎవరూ ఫోన్ పెట్టేయరు కాబట్టి నా వృత్తి మాట ఒకటి. ఆదాయం తెచ్చే చారిత్రక బిల్డింగ్ బాగుచేస్తే అర్హమైన ఖర్చులో 20 శాతం ఫెడరల్ క్రెడిట్ వస్తుంది, అంటే కట్టాల్సిన పన్నులో అంత తగ్గుతుంది. 2017 చట్టం తర్వాత అది ఒకేసారి రాదు, ఐదేళ్ళకి సమానంగా పంచి ఇస్తారు. మీరుండే సొంతింటికి రాదు. 24 నెలల్లో పెట్టిన ఖర్చు, బిల్డింగ్‌కి మీ పుస్తకాల్లో ఉన్న సర్దుబాటు విలువని, లేదా 5,000 డాలర్లని, రెండింట్లో ఏది ఎక్కువైతే దాన్ని దాటాలి. స్థలం విలువ ఇందులో కలపరు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కొన్న ధరే ఎక్కువ, కిటికీలు, గోడ చేయించినంత మాత్రాన ఆ గీత దాటదు. కొత్తగా పెంచిన భాగం, పార్కింగ్, మొక్కలు లెక్కలోకి రావు. ఐదేళ్ళలోపు అమ్మేస్తే తీసుకున్నదాంట్లో కొంత వెనక్కి కట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, ఊరి ఆఫీసు ఇచ్చిన అనుమతి ఫెడరల్ అనుమతి కాదు. దానికి వేరే దరఖాస్తు, మూడు భాగాలు, రాష్ట్ర కార్యాలయం మీదుగా పార్క్ సర్వీస్‌కి వెళ్తుంది. రెండో భాగానికి ఆమోదం రాకముందే పని మొదలుపెడితే పూచీ మీదే. మా కౌంటర్‌లో ఈ హెచ్చరిక అడిగితేనే చెబుతారు. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. 12 అంగుళాలు దాటినా పర్లేదు.

మూడోది తనిఖీ. దీనికి మార్కులే లేవు. మా వీధి మూల మీద కార్నిస్ (గోడ పైఅంచున ముందుకు పొడుచుకొచ్చే అలంకార పట్టీ) ఉన్న ఇటుక బిల్డింగ్ ఒకటి ఉంది, మా దానికంటే పాతది, అందమైనది. కూల్చడానికి యజమాని అనుమతి అడిగితే బోర్డు ఏకగ్రీవంగా కాదంది. పేపర్లో వార్త, చప్పట్లు. ఆయన గొడవ పడలేదు, మెదలకుండా ఊరుకున్నాడు. పైకప్పు మీద కప్పిన నీలం పట్టా చిరిగింది, మళ్ళీ కప్పలేదు. వాన గొట్టం విరిగి నీళ్ళు నేరుగా గోడ మీద పడుతున్నాయి. ఆ గోడ మీద పచ్చటి చార కిందికి పాకుతుంటే ప్రతి వానాకాలం నా ఆఫీసు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆర్డినెన్స్‌లో దీనికీ ఒక క్లాజు ఉంది, పట్టించుకోకుండా వదిలేసి పడగొట్టడం కూడా నేరమే అని. ఆఫీసు ఉత్తరాలు రాసింది. ఉత్తరాలకి ఉత్తరాలే జవాబొచ్చాయి. రోజూ తిరిగి చూసే తనిఖీ మనిషి లేడు, యజమాని ఖర్చుతో ఊరే గొట్టం బిగించి బిల్లు ఆస్తి మీద వేసే అధికారం కాగితం మీద ఉన్నా వాడిన దాఖలా లేదు. ఇంకొన్నాళ్ళకి బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి ప్రమాదకరమని ఎర్ర కాగితం అంటిస్తాడు. ప్రమాదకరమైనదాన్ని కూల్చడానికి బోర్డు అనుమతి అక్కర్లేదు. పచ్చ చార అక్కడి దాకా చేరడానికి ఆట్టే దూరం లేదు.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడ. నా ఒత్తు తోకా కాదా అని స్కేలు పెట్టి చూసిన ఆఫీసు, విరిగిన వాన గొట్టాన్ని అంతకాలం చూస్తూ ఊరుకుంది. ప్లానర్‌ని అంటే పాపం. ఆవిడ ఒక్కరే, కౌంటరూ ఆవిడే, బోర్డుకి రిపోర్టులు రాసేదీ ఆవిడే. కౌన్సిల్ ఇంకో మనిషిని ఇవ్వాలి. కూల్చివేతకి అడిగేవాళ్ళ దగ్గర, ఆ స్థలంలో ఏం కడతారో ఆమోదించిన ప్లాను, దానికి డబ్బూ ముందే చూపించమనాలి. కూల్చాక పార్కింగే మిగిలేటట్టయితే కూల్చే ఉబలాటం సగానికి సగం చల్లారుతుంది.

మార్కులు అడుగుతారు కాబట్టి: కౌంటర్‌కి ఐదుకి ఐదు. బోర్డుకి రెండున్నర, సభ్యులు జీతం లేకుండా వచ్చి కూర్చుంటున్నారన్న గౌరవంతో ఆ అర. తనిఖీకి సున్నా. చిన్న బిల్డింగ్ కొని ఓపిగ్గా బాగుచేసుకునేవాళ్ళకి ఈ ఆఫీసుతో భయం లేదు. ఖాళీ స్థలం కొని కొత్తగా కట్టాలనుకునేవాళ్ళు మాత్రం సొంత ఊపిరి, ఆర్కిటెక్టు ఊపిరి రెండూ దండిగా ఉంటేనే దిగండి.

వెళ్ళేటప్పుడు కాలిబాట అవతల నుంచి తీసిన నిటారు ఫొటో, ప్రతి పగులుకీ దగ్గర ఫొటో, మేస్త్రీ ఇచ్చిన కొటేషన్లు పట్టుకెళ్ళండి. కాంట్రాక్టరుని కూడా తీసుకెళ్తే మంచిది. ఆవిడ చెప్పింది మనం మళ్ళీ చెబితే వాళ్ళు నమ్మరు. కొనుగోలు కాగితాల మీద సంతకం పెట్టకముందే ఆ చిరునామా ఫైలు చూపించమని అడగండి, అది పబ్లిక్ రికార్డే. పాత యజమానులు ఏమేం అడిగారు, దేనికి కాదన్నారు, ఎందుకు కాదన్నారు అన్నీ అందులో ఉంటాయి. మా ఫైల్లో వెనక గోడ సంగతి ఫొటోలతో సహా ఉంది, అమ్మేవాళ్ళు మాకు చెప్పని సంగతి. ఆ కాగితాల నకలు బల్ల మీద పెట్టాకే బేరం కదిలింది.